ఇంట్లో వెయ్యి లీటర్ల సముద్రం

పగడపు దిబ్బల మీద నీటి స్వభావం ఏడాది పొడవునా పెద్దగా మారదు. కిలో నీటిలో దాదాపు 35 గ్రాముల లవణాలు, 8.1 దగ్గర నిలిచే పీహెచ్, 25 నుంచి 29 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత, మామూలు పరీక్షలకు అందనంత తక్కువ నైట్రేటు. అక్కడ వేలాది చేపలు తింటాయి, విసర్జిస్తాయి, చచ్చిపోతాయి. పగడాలు నీటిలోని సున్నాన్ని లాగి రాయిగా మారుస్తూనే ఉంటాయి. ఎండ కాస్తుంది, వాన కురుస్తుంది. ఇంత జరుగుతున్నా నీరు మారకపోవడానికి కారణం సముద్రపు విస్తారమే. చేప వదిలిన అమ్మోనియా అంతులేని నీటిలో కలిసి పలచబడుతుంది, పగడం తీసుకున్న కాల్షియం లోటు తెలియదు, మధ్యాహ్నపు వేడిని లోతు మింగేస్తుంది.

ఇంట్లో పెట్టుకున్న గాజు తొట్టికి ఆ అండ ఏమీ ఉండదు. సముద్రం తన పరిమాణంతో అప్రయత్నంగా చేసే ప్రతి పనినీ అక్కడ విడివిడిగా గుర్తించి, లెక్క కట్టి, యంత్రంతోనో చేతితోనో మనమే చేయాలి. రీఫ్ అక్వేరియం శాస్త్రమంతా ఈ ఒక్క అవసరం నుంచి పుట్టింది. చిన్న తొట్టి కంటే పెద్ద తొట్టి మేలని అనుభవజ్ఞులు చెప్పడంలో ఉన్న తర్కం కూడా ఇదే. వంద లీటర్లలో ఒక చేప చచ్చి కుళ్లితే ఒక్క రాత్రిలో నీరు విషమవుతుంది. వెయ్యి లీటర్లలో అదే చేప వల్ల పెరిగే అమ్మోనియా పదో వంతే. పెద్ద తొట్టిలోనూ పొరపాట్లు జరుగుతాయి. అయితే సరిదిద్దుకోవడానికి వ్యవధి దొరుకుతుంది.

పూర్వరంగం

1846లో అన్నా థిన్ అనే ఆంగ్ల మహిళ టార్కీ తీరం నుంచి చల్లని నీటి రాతి పగడాలను లండన్‌కు తెచ్చి బతికించారు. నీటిలోకి గాలి చేరడం కోసం ఆమె ఇంటి పనిమనిషి రోజూ తెరిచిన కిటికీ ముందు నిలబడి ఆ నీటిని ఒక పాత్రలోంచి మరో పాత్రలోకి వంచుతుండేది. ఈనాటి పంపులు చేసే పనికి అది తొలి రూపం. 1854లో ఫిలిప్ హెన్రీ గాస్ నాలుగు లవణాలు కలిపి కృత్రిమ సముద్రజలం తయారు చేసుకునే విధానాన్ని వివరించారు.

ఉష్ణమండల పగడాల విషయంలో అసలు మలుపు జకార్తాలో వచ్చింది. లీ చిన్ ఎంగ్ అనే ఔత్సాహికుడు తన తొట్లలో సముద్రం నుంచి తెచ్చిన సచ్ఛిద్రమైన రాళ్లను, వాటిలోని సూక్ష్మజీవులతో, పురుగులతో, నాచుతో సహా ఉంచి, సన్నని గాలి బుడగలతో నీటిని కదిలించారు. ఆ పద్ధతి గురించి ఆయన 1961లో రాశారు. శుద్ధి చేసే యంత్రం నీటికి వెలుపల కాక రాతి లోపలే ఉండవచ్చునన్నది అందులోని సారం. ఆ తర్వాత బెర్లిన్‌లోని ఔత్సాహికులు లైవ్ రాక్ అని పిలిచే ఇలాంటి రాళ్లు, బలమైన ప్రోటీన్ స్కిమ్మర్, తీవ్రమైన కాంతి, సున్నపు తేట కలిపి రాతి పగడాలను పెంచగలిగారు. ఇప్పటికీ వాడుకలో ఉన్న బెర్లిన్ పద్ధతి అదే.

బరువు, గాజు, నేల

లెక్క కోసం 200 సెంటీమీటర్ల పొడవు, 75 వెడల్పు, 65 ఎత్తు ఉన్న తొట్టిని తీసుకుందాం. అది 975 లీటర్లు పడుతుంది. కింద పెట్టే సహాయక తొట్టి, అంటే సంప్‌లోని నీటిని కలిపి, రాళ్లు ఆక్రమించిన చోటు తీసేస్తే, వ్యవస్థలో దాదాపు వెయ్యి లీటర్ల నీరు ఉంటుంది. 15 మిల్లీమీటర్ల గాజుతో కడితే గాజు ఒక్కటే 190 కిలోలు. నీరు, రాళ్లు, ఇసుక, స్టాండు, సంప్ అన్నీ కలిస్తే మొత్తం బరువు ఒకటిన్నర టన్ను దాటుతుంది.

ఈ బరువు ఒకటిన్నర చదరపు మీటర్ల మీద పడుతుంది, అంటే చదరపు మీటరుకు సుమారు వెయ్యి కిలోలు. భారతీయ ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం నివాస గదుల స్లాబును చదరపు మీటరుకు 2 కిలోన్యూటన్ల, అంటే దాదాపు 200 కిలోల, వినియోగ భారానికి రూపొందిస్తారు. తొట్టి కింద పడే భారం దానికి ఐదు రెట్లు. కాబట్టి పెద్ద తొట్టికి నేల మీది అంతస్తు ఉత్తమం. పై అంతస్తులో తప్పదనుకుంటే గది మధ్యలో కాక, దూలాలకు అడ్డంగా, బరువు మోసే గోడను ఆనుకుని పెట్టాలి. అంతకుముందే స్ట్రక్చరల్ ఇంజినీరుకు భవనం నక్షా చూపించాలి.

గాజు మీద నీటి పీడనం లోతును బట్టి పెరుగుతుంది. ఈ తొట్టిలో ముందు పలక ఒక్కదాని మీదే నీరు నెట్టే బలం దాదాపు 430 కిలోల బరువుకు సమానం. ఎత్తు పెంచే కొద్దీ గాజు మందం, ఖర్చు, ప్రమాదం మూడూ పెరుగుతాయి. మనిషి చేయి అడుగు దాకా అందకపోతే శుభ్రం చేయడమూ కష్టమే. అందుకే ఎత్తు తగ్గించి వెడల్పు పెంచిన తొట్టి పగడాలకూ మనుషులకూ అనుకూలం.

మరో జాగ్రత్త సంప్‌కు సంబంధించినది. కరెంటు పోగానే పంపు ఆగి, పై తొట్టిలోంచి, గొట్టాల్లోంచి కొంత నీరు కిందికి దిగుతుంది. ఆ నీటినంతా పట్టేంత ఖాళీ సంప్‌లో ఎప్పుడూ ఉండాలి. నీరు దిగే ప్రధాన గొట్టం నత్తతోనో నాచుతోనో మూసుకుపోయినా పై తొట్టి పొంగకుండా అత్యవసర గొట్టం ఒకటి అదనంగా ఉంచాలి. ప్రాణులను తేకముందే నీరు నింపి, పంపును పదేపదే ఆపి చూసి ఈ రెండూ సరిగా పనిచేస్తున్నాయని తేల్చుకోవాలి.

ఉప్పు కలపడం

వంటింటి ఉప్పుతో సముద్రజలం తయారు కాదు. సముద్ర లవణాల బరువులో సోడియం, క్లోరైడులది దాదాపు 86 శాతం. మిగిలిన 14 శాతంలో సల్ఫేటు, మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం, బైకార్బొనేటు ముఖ్యమైనవి. పగడాల బతుకు ఈ చిన్న భాగం మీదే ఆధారపడి ఉంది. చాలెంజర్ నౌక ప్రపంచ సముద్రాల నుంచి తెచ్చిన 77 నమూనాలను విశ్లేషించి, లవణీయత చోటును బట్టి మారినా ప్రధాన లవణాల పరస్పర నిష్పత్తి మారదని విలియం డిట్మార్ 1884లో ప్రకటించారు. మార్కెట్లో దొరికే సింథటిక్ సీ సాల్ట్ ఈ నిష్పత్తి ఆధారంగానే తయారవుతుంది. వెయ్యి లీటర్లకు సుమారు 36 కిలోలు కావాలి. పొడిలో ఉండే తేమ వల్ల ఇంకొంచెం ఎక్కువే పడుతుంది.

ఉప్పు కలిపే మంచినీరు అంతకంటే ముఖ్యం. మున్సిపల్ నీటిలో క్లోరిన్, బోరు నీటిలో నైట్రేటు, సిలికేటు, పాత గొట్టాల నుంచి రాగి రావచ్చు. అతి కొద్దిపాటి రాగి కూడా రొయ్యలకు, నత్తలకు, పగడాలకు విషం. ఇంట్లో తాగునీటికి వాడే ఆర్‌ఓ యంత్రం లవణాలను తగ్గిస్తుంది కానీ పూర్తిగా తీసేయదు. దాని తర్వాత డీఅయొనైజేషన్ రెసిన్ గుండా పంపి, టీడీఎస్ మీటరు సున్నా చూపించిన నీటినే వాడాలి.

తీరప్రాంతాల వారికి సముద్రపు నీరే నేరుగా తెచ్చుకుందామనిపించవచ్చు. బంగాళాఖాతంలోకి గోదావరి, కృష్ణ వంటి నదులు మంచినీటిని, ఒండ్రును మోసుకొస్తాయి. వానాకాలంలో తీరపు నీటి లవణీయత బాగా పడిపోతుంది. ఆంధ్ర తీరంలో లక్షద్వీప్‌లో, మన్నార్ సింధుశాఖలో ఉన్నంతటి పగడపు దిబ్బలు ఏర్పడకపోవడానికి ప్రధాన కారణాలు ఇవే. పగడాలకు నప్పని నీటిని తొట్టిలోకి తెచ్చుకోవడంలో అర్థం లేదు.

తొట్టి నిండాక మొదలయ్యే నిత్యకృత్యం ఆవిరైన నీటిని భర్తీ చేయడం. ఆవిరయ్యేది నీరు మాత్రమే, లవణాలు తొట్టిలోనే మిగిలిపోతాయి. అందుకే భర్తీ చేసేది ఉప్పు నీరు కాదు, శుద్ధి చేసిన మంచినీరు. రోజుకు పది లీటర్లు ఆవిరై ఎవరూ పట్టించుకోకపోతే వారం తిరిగేసరికి లవణీయత 35 నుంచి 37.6కు చేరుతుంది. సంప్‌లో నీటిమట్టం చూసి దానంతటదే నీరు వదిలే ఆటో టాప్ ఆఫ్ పరికరం ఈ పనికి ఉపయోగపడుతుంది.

సూక్ష్మజీవుల కోసం నిరీక్షణ

కొత్త తొట్టి చూడ్డానికి స్వచ్ఛంగా ఉంటుంది, కానీ అందులో చేప బతకదు. చేపలు మొప్పల ద్వారా అమ్మోనియాను వదులుతాయి. నీటిలో అది రెండు రూపాల్లో ఉంటుంది. ప్రాణాంతకమైనది విద్యుదావేశం లేని రూపం. పీహెచ్ ఒక అంకె పెరిగితే ఆ రూపం వాటా దాదాపు పది రెట్లు పెరుగుతుంది. కాబట్టి మంచినీటి తొట్టిలో చేప తట్టుకునే మోతాదు సముద్రపు తొట్టిలో చంపేస్తుంది. రొయ్యల చెరువు సాగు చేసినవారికి ఇది కొత్త సంగతి కాదు. పీహెచ్ పెరిగిన మధ్యాహ్నాల్లో అమ్మోనియా ఎందుకంత ప్రమాదకరమో వారికి తెలుసు.

ఈ అమ్మోనియాను కొన్ని సూక్ష్మజీవులు నైట్రైటుగా, మరికొన్ని నైట్రేటుగా మారుస్తాయి. సెర్గీ వినోగ్రాడ్‌స్కీ 1890 ప్రాంతంలో ఈ నైట్రీకరణ బ్యాక్టీరియాను వేరుచేసి చూపినప్పటి నుంచి ఇదంతా బ్యాక్టీరియా పనేనని అనుకునేవారు. 2005లో అమ్మోనియాను ఆక్సీకరించే ఆర్కియాను, అంటే బ్యాక్టీరియాకు భిన్నమైన మరో వర్గపు సూక్ష్మజీవిని, తొలిసారి శుద్ధరూపంలో వేరుచేసి నేచర్ పత్రికలో ప్రకటించారు. నైట్రోసోప్యుమిలస్ మారిటిమస్ అనే ఆ జీవి దొరికింది నడిసముద్రంలో కాదు, అమెరికాలోని సియాటిల్ అక్వేరియంలో ఒక తొట్టి అడుగున ఉన్న గులకరాళ్లలో. మహాసముద్రాల నైట్రోజన్ చక్రంలో పెద్ద పాత్ర వహించే జీవరాశి ఒక అక్వేరియం ద్వారా పరిచయమైందన్నమాట.

ఈ జీవులు నెమ్మదిగా పెరుగుతాయి. వాటికి ఆహారంగా తొట్టిలో అమ్మోనియా ఉండాలి. చేపను వేసి హింసించనక్కర లేదు. వెయ్యి లీటర్లకు ఏడెనిమిది గ్రాముల అమ్మోనియం క్లోరైడు కలిపితే లీటరుకు సుమారు 2 మిల్లీగ్రాముల అమ్మోనియా నైట్రోజన్ అందుతుంది. రోజులు గడిచే కొద్దీ అమ్మోనియా పడిపోయి నైట్రైటు పెరుగుతుంది, తర్వాత అదీ తగ్గి నైట్రేటు మిగులుతుంది. అదే మోతాదు మళ్లీ కలిపినప్పుడు రెండూ ఒక్క రోజులో సున్నాకు చేరితే తొట్టి సిద్ధమైనట్టు. దీనికి నాలుగు నుంచి ఆరు వారాలు పట్టడం మామూలే.

చివరికి మిగిలే నైట్రేటును గాలి చేరని రాతి లోపలి పొరల్లో మరికొన్ని బ్యాక్టీరియా నైట్రోజన్ వాయువుగా మార్చి గాల్లోకి పంపుతాయి. అది చాలనప్పుడు నీరు మార్చాలి. అయితే నీటి మార్పిడికీ ఒక హద్దు ఉంది. వారానికి లీటరుకు 2 మిల్లీగ్రాముల నైట్రేటు పుట్టే తొట్టిలో వారానికి పది శాతం నీరు మారిస్తే, నైట్రేటు 20 మిల్లీగ్రాముల దాకా పెరిగాక గానీ నిలకడకు రాదు. కాబట్టి మలినాన్ని పుట్టే చోటనే తగ్గించాలి. చేపల సంఖ్య, మేత మోతాదు అదుపులో ఉండాలి. కుళ్లకముందే సేంద్రియ పదార్థాన్ని బయటికి తీయాలి.

ఈ రెండో పని ప్రోటీన్ స్కిమ్మర్‌ది. మాంసకృత్తుల అణువుల్లో ఒక కొస నీటిని కోరుతుంది, ఇంకో కొస నీటికి దూరంగా జరుగుతుంది. సన్నని గాలి బుడగ ఎదురైతే అవి దాని ఉపరితలానికి అతుక్కుని పైకి తేలతాయి. పప్పు ఉడికేటప్పుడు పైకి వచ్చే తెట్టును గరిటెతో తీసేసినట్టే, ఆ నురుగు ఒక గిన్నెలోకి పొంగి చేరుతుంది, దాన్ని పారబోయాలి. అలలు విరిగే చోట తీరాన కనిపించే నురుగు కూడా కొంతవరకు ఈ కారణంగానే ఏర్పడుతుంది.

వెలుగు, ప్రవాహం, సున్నం

దిబ్బలు కట్టే పగడాల కణజాలంలో జూజాంథెల్లే అనే ఏకకణ శైవలాలు నివసిస్తాయి. పగడానికి కావలసిన శక్తిలో అధిక భాగం వాటి కిరణజన్య సంయోగక్రియ నుంచే వస్తుంది. ఎరుపు కాంతిని నీరు పై పొరల్లోనే పీల్చుకుంటుంది, నీలం లోతుకు దిగుతుంది. ఆ శైవలాల వర్ణకాలు నీలి కాంతిని బాగా గ్రహిస్తాయి. రీఫ్ తొట్ల ఎల్‌ఈడీ దీపాల్లో నీలం పాళ్లు హెచ్చుగా ఉండటానికి కారణం ఇదే. వెలుగును కంటితో అంచనా వేయడం కష్టం కనుక, కిరణజన్య సంయోగక్రియకు పనికొచ్చే కాంతిని చూపే పార్ మీటరుతో కొలుస్తారు. చాలా మెత్తని పగడాలకు చదరపు మీటరుకు సెకనుకు 50 నుంచి 150 మైక్రోమోల్స్ ఫోటాన్లు చాలు. అక్రోపోరా వంటి రాతి పగడాలకు 200 నుంచి 350 దాకా కావాలి. కొత్త పగడాన్ని ఒక్కసారిగా తీవ్రమైన కాంతిలో పెట్టకూడదు. కాంతి మితిమీరితే శైవలాలు వెలువరించే ఆక్సిజన్ ఉత్పన్నాలే కణాలకు హాని చేస్తాయి.

పగడం కదలలేదు. ఆహారం, వాయువులు దాని దగ్గరికి రావాలి, వ్యర్థాలు దూరంగా పోవాలి. ప్రతి పగడాన్నీ అంటిపెట్టుకుని నిశ్చలమైన పలుచని నీటి పొర ఒకటి ఉంటుంది. ప్రవాహం ఎంత బలంగా ఉంటే ఆ పొర అంత పలుచనై, రాకపోకలు సులువవుతాయి. వెయ్యి లీటర్ల తొట్టిలో గంటకు 20,000 నుంచి 40,000 లీటర్ల నీటిని కదిలించే పవర్‌హెడ్‌లు అమర్చడం వాడుక. ఒకే దిశలో కొట్టే ధార పగడపు చర్మాన్ని చీల్చుతుంది. అలల్లాగా వంతులవారీగా దిశ మార్చే ప్రవాహం మంచిది.

రాతి పగడాలు పెరుగుతున్న తొట్టిలో అతి సూక్ష్మంగా చూడవలసింది సున్నం లెక్క. పగడం నీటి నుంచి కాల్షియాన్ని, బైకార్బొనేటును తీసుకుని కాల్షియం కార్బొనేటు అస్థిపంజరం కట్టుకుంటుంది. సముద్రజలంలో లీటరుకు 410 మిల్లీగ్రాముల పైచిలుకు కాల్షియం ఉంటుంది. క్షారతను కొలిచే ప్రమాణమైన డీకేహెచ్‌లలో చెబితే అది ఏడు దగ్గర ఉంటుంది. తొట్లలో క్షారతను ఎనిమిది దాకా ఉంచుతారు. ఒక రోజులో క్షారత ఒక డీకేహెచ్ తగ్గిందంటే, వెయ్యి లీటర్ల నీటిలో 18 గ్రాముల కాల్షియం కార్బొనేటు రాయిగా మారిందని అర్థం. ఆ వేగం ఏడాది పాటు సాగితే ఆరున్నర కిలోల రాయి తయారవుతుంది. ఇదే సమయంలో కాల్షియం తగ్గేది లీటరుకు ఏడు మిల్లీగ్రాములే, అంటే రెండు శాతం లోపు; ఇంటి పరీక్షల్లో అది తేలదు. క్షారత మాత్రం ఎనిమిదో వంతు పడిపోతుంది. కాబట్టి లోటును ముందుగా పట్టిచ్చేది క్షారతే. రోజూ ఒకే వేళకు దాన్ని కొలిచి, తరిగినంతే డోసింగ్ పంపుతో సున్నపు తేటగానో, విడివిడి ద్రావణాలుగానో అందించాలి. ఒకే దెబ్బలో ఎక్కువ పోస్తే కార్బొనేటు అవక్షేపమై ఉన్నది కూడా పోతుంది.

వేడి, కరెంటు

వెయ్యి లీటర్ల ఉప్పునీటి ఉష్ణోగ్రతను ఒక డిగ్రీ తగ్గించాలంటే దాదాపు 4,000 కిలోజౌళ్ల వేడిని బయటికి పంపాలి. నీటిలో మునిగి నిరంతరం నడిచే వంద వాట్ల పంపు ఒక్కటే రోజుకు 8,640 కిలోజౌళ్ల వేడిని కలుపుతుంది. లీటరున్నర పైచిలుకు నీరు ఆవిరైతే ఒక డిగ్రీకి సరిపడా వేడి పోతుంది. పొడి వేసవి ఉండే తెలంగాణలో నీటి మీదికి ఫ్యాను తిప్పితే మంచి ఫలితం ఉంటుంది. గాల్లో తేమ నిండి ఉండే విశాఖపట్నం, కాకినాడ వంటి చోట్ల ఆవిరి తక్కువ కనుక చిల్లర్ తప్పదు. నీరు 30 డిగ్రీలు దాటి నిలిస్తే పగడాలు తమలోని శైవలాలను వెళ్లగొట్టి తెల్లబారతాయి.

కరెంటు పోయినప్పుడు మొదటి ప్రమాదం ఊపిరాడకపోవడం. 27 డిగ్రీల దగ్గర సముద్రజలం లీటరుకు ఆరున్నర మిల్లీగ్రాముల ఆక్సిజన్‌నే ఇముడ్చుకోగలదు. అంటే మొత్తం తొట్టిలో ఉన్న ఆక్సిజన్ ఆరున్నర గ్రాములు. రాత్రిపూట చేపలు, పగడాలు, రాళ్లలోని బ్యాక్టీరియా అన్నీ దాన్నే పంచుకోవాలి. ఇన్వర్టరు మీద ముందుగా నడవాల్సినవి దీపాలు కావు, నీటి ఉపరితలాన్ని కదిలించే పంపులు. ఉప్పునీరు, విద్యుత్తు కలిసే చోట, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ రక్షణ తప్పనిసరి. తీగను ప్లగ్గు కంటే కిందికి వేలాడేలా వదిలితే జారే నీరు సాకెట్టులోకి పోదు.

ప్రాణులు, చట్టం

ఏ ప్రాణిని తేవాలన్న ప్రశ్నకు భారతదేశంలో మొదట జవాబు చెప్పేది చట్టం. దిబ్బలు కట్టే రాతి పగడాలన్నీ, నల్ల పగడాలు, అగ్ని పగడాలు, ఆర్గాన్ పైప్ పగడం, సీ ఫ్యాన్లు 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేరాయి. సముద్రపు గుర్రాలకూ ఆ రక్షణ ఉంది. దిబ్బ నుంచి రాయి, పగడం విరిచి తేవడం నేరం. విదేశీ రాతి పగడాల వ్యాపారం అంతర్జాతీయ సైటిస్ ఒప్పందం నియంత్రణలో ఉంది. వన్యప్రాణి చట్టానికి 2022లో చేసిన సవరణ సైటిస్ జాబితాలోని సజీవ ప్రాణులను ఉంచుకునేవారు వివరాలు నమోదు చేసుకోవాలని నిర్దేశించింది. అమెరికా వంటి దేశాల్లో తొట్లలోనే పెంచిన పగడపు ముక్కలు చట్టబద్ధంగా దొరుకుతాయి కనుక, అక్కడి తెలుగు ఔత్సాహికులకు ఆ వెసులుబాటు ఉంది. ఇక్కడ మాత్రం కృత్రిమ శిలలతో కట్టిన నిర్మాణం, హేచరీలో పుట్టిన చేపలు, పత్రాలు సరిగా ఉన్న ప్రాణులు ఇవే సరైన దారి. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ క్లౌన్ చేపలను హేచరీలో పుట్టించి పెంచే విధానాన్ని అభివృద్ధి చేసింది. దిబ్బ నుంచి పట్టి తెచ్చిన చేప కంటే తొట్టిలో పుట్టిన చేప మేతకు, మనిషికి త్వరగా అలవాటు పడుతుంది.

ప్రాణులు వచ్చే క్రమానికీ నియమం ఉంది. తొలి నెలల్లో గోధుమరంగు డయాటమ్‌లు, తర్వాత ఆకుపచ్చ నాచు వస్తాయి. వాటిని మేసే నత్తలు ముందు రావాలి. చేపలు ఒకటి రెండు చొప్పున, ప్రతిదీ నాలుగు నుంచి ఆరు వారాలు వేరే తొట్టిలో గడిపాక రావాలి. క్రిప్టోకారియాన్ అనే పరాన్నజీవి వల్ల చేపలకు తెల్ల మచ్చల వ్యాధి వస్తుంది. దానికి వాడే రాగి మందును అకశేరుకాలున్న తొట్టిలో వేయలేం. అందుకే వ్యాధిని గుమ్మం బయటే ఆపాలి. జోవాంథిడ్‌ల వంటి కొన్ని మెత్తని ప్రాణుల్లో పాలిటాక్సిన్ అనే తీవ్ర విషం ఉంటుంది. వాటిని చేతి తొడుగులు లేకుండా ముట్టుకోకూడదు, అవి అంటుకున్న రాయిని ఎన్నడూ మరగబెట్టకూడదు.

ఇంత శ్రమ వల్ల ఇంటి అలంకరణకు మించిన ప్రయోజనం ఉందా? ఉందనడానికి ఇటీవలి ఉదాహరణలు ఉన్నాయి. లండన్‌లోని హార్నిమన్ మ్యూజియంలో జేమీ క్రాగ్స్ బృందం కాంతినీ, వెన్నెలనీ, రుతువులనీ తొట్టిలో అనుకరించి పగడాల చేత అండాలు విడుదల చేయించి, ఆ విధానాన్ని 2017లో ప్రచురించింది. ఆ అనుభవం తోడుగా 2019లో ఫ్లోరిడా అక్వేరియం అట్లాంటిక్ స్తంభ పగడాన్ని ప్రయోగశాలలో సంతానోత్పత్తి చేసేలా చేసింది. 2023 జులైలో ఫ్లోరిడా సముద్రం విపరీతంగా వేడెక్కినప్పుడు వేలాది పగడాలను నేల మీది తొట్లకు తరలించి కాపాడారు. జకార్తాలో, బెర్లిన్‌లో ఔత్సాహికులు తమ ఇళ్లలో నేర్చిన విద్య అక్కడ శాస్త్రజ్ఞులకు అక్కరకు వచ్చింది.

అయినా తొట్టి దిబ్బకు ప్రత్యామ్నాయం కాదు. వెయ్యి లీటర్ల నీటిని ఒక డిగ్రీ చల్లబరచడానికి ఎంత శక్తి కావాలో లెక్క కట్టినవారికి, ఒక సముద్రం మామూలు కంటే ఒక డిగ్రీ వేడెక్కి వారాల తరబడి అలాగే ఉందన్న వార్తలోని తీవ్రత అంకెల్లో అర్థమవుతుంది. ఇంట్లో రీఫ్ అక్వేరియం పెట్టదలచినవారు నేల బలం, కరెంటు భరోసా, నీటి శుద్ధి, చట్టం అనే నాలుగింటినీ తేల్చుకుని, రోజూ కొలిచి రాసుకునే ఓపిక ఉందని నమ్మకం కలిగాకే మొదటి బస్తా ఉప్పు కొనాలి.